సీడా: మన సుప్రీంకోర్టులో, వాళ్ల నగరపాలికలో

స్త్రీల పట్ల వివక్షను రూపుమాపాలన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందం సీడాపై భారత్, అమెరికా రెండూ 1980 జులైలోనే సంతకం చేశాయి. మనం 1993లో ధ్రువీకరించాం. అమెరికా ఇప్పటికీ ధ్రువీకరించలేదు. సెనేట్ విదేశీ సంబంధాల కమిటీ 1994లోనూ 2002లోనూ సరేనన్నా, మూడింట రెండు వంతుల ఓట్లు పడాల్సిన పూర్తి సభలో అది ఓటింగుకే రాలేదు. ఇంతవరకే చూస్తే ఉద్యమం ఇక్కడ గెలిచింది, అక్కడ ఓడింది. ఆ ఒప్పందాన్ని పట్టుకుని రెండుచోట్లా ఆడవాళ్లు ఏం సాధించారో చూస్తే తీర్పు అంత తేలిక కాదు.

రాజస్థాన్‌లోని భటేరీలో భన్వరీ దేవి ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్‌గా పనిచేసేది. 1992లో ఒక బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు తనపై సామూహిక అత్యాచారం జరిగిందని ఫిర్యాదు చేసింది. 1995లో కింది కోర్టు ఆ అభియోగాన్ని కొట్టేసింది. పనిచేసే చోట వేధింపులను అడ్డుకునే చట్టమే లేదంటూ ‘విశాఖ’ అనే సంఘం, మరికొన్ని మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997 ఆగస్టు 13న జస్టిస్ జె.ఎస్.వర్మ ధర్మాసనం సీడాను ఆధారం చేసుకుని మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రతి సంస్థలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి, దానికి మహిళే అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలుండాలి, బయటి సంస్థ నుంచి ఒకరుండాలి. నాలుగేళ్లుగా ఫైళ్లలో ఉన్న ఒప్పందానికి ఆ సంఘాలు ప్రాణం పోశాయి. అయినా పార్లమెంటు చట్టం చేయడానికి 2013 దాకా పట్టింది. ఇంతకీ ఈ తీర్పు భన్వరీ దేవి కేసులో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

శాన్ ఫ్రాన్సిస్కో మహిళలు వాషింగ్టన్ కోసం ఎదురుచూడలేదు. దేశం ధ్రువీకరించని ఒప్పందాన్ని 1998లో తమ నగర చట్టంగా చేయించుకున్నారు. దాని ప్రకారం నగర శాఖలు తమ ఉద్యోగుల్లో, సేవల్లో, బడ్జెట్‌లో ఆడవాళ్ల వాటా ఎంతో పరిశీలించుకోవాలి. ప్రజాపనుల శాఖ దగ్గరికి వచ్చేసరికి వీధి దీపాలు ఎక్కడ వేస్తున్నారు, పసిబిడ్డ బండి తోసుకుంటూ వెళ్లే తల్లి ఫుట్‌పాత్ ఎలా ఎక్కుతుంది అన్నవి కూడా మహిళా హక్కుల ప్రశ్నలే అయ్యాయి.

నా మొగ్గు ఈ పద్ధతి వైపే. మన దగ్గర ఒక మనిషికి ఘోరం జరిగాక కోర్టు కదిలింది. అక్కడ ఏ ఘోరమూ జరగకముందే దీపస్తంభం గురించి అడిగారు. అలాగని మనది తక్కువ సాధన కాదు. శాన్ ఫ్రాన్సిస్కో చట్టం ఆ ఊరి పొలిమేర దాటదు, విశాఖ తీర్పు దేశమంతటికీ వర్తించింది. ధ్రువీకరించాం కాబట్టి మన ప్రభుత్వం సీడా అమలును చూసే ఐరాస కమిటీకి నివేదికలు ఇచ్చుకోవాలి. సర్కారు దాచిన సంగతులను సంఘాలు తమ సొంత నివేదికలతో అక్కడే బయటపెట్టవచ్చు. అమెరికా ఉద్యమకారులకు ఆ వేదిక లేదు.

మన ధ్రువీకరణలోనూ మెలికలున్నాయి. మతవర్గాలు ముందుకొచ్చి ఒప్పుకుంటే తప్ప వాటి వ్యక్తిగత వ్యవహారాల్లో జోక్యం చేసుకోబోమని ఢిల్లీ ముందే చెప్పుకుంది. ఇన్ని ఆచారాలు, ఇన్ని మతాలున్న ఇంత పెద్ద దేశంలో పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేయడం ఆచరణలో కుదరదని కూడా రాసిచ్చింది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. 2006లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ అదే చేయమంది. కుదరదన్నది ఇక్కడ ఎలా కుదిరిందని ఢిల్లీని నిలదీయడానికి మన దగ్గరే ఇంత గట్టి సాక్ష్యం ఉన్నా, మన సభల్లో దాని ఊసే వినపడదు.

వ్యక్తులు నేరుగా ఐరాస కమిటీకి ఫిర్యాదు చేసుకునే వీలిచ్చే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో భారత్ ఇంకా చేరలేదు. అందుకోసం ఢిల్లీపై ఒత్తిడి తేవాల్సిందే. ఈలోగా శాన్ ఫ్రాన్సిస్కో చేసిన పని చేయడానికి మనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల పురపాలికల్లోనూ సగం సీట్లు మహిళలవే. వచ్చే బడ్జెట్ సమావేశంలో ఆ కౌన్సిలర్లు వార్డులవారీగా వీధి దీపాలకు, మహిళల మరుగుదొడ్లకు, బస్టాపులకు ఎంత పెడుతున్నారో లెక్క చెప్పమని ఒక తీర్మానం పెట్టాలి. దాన్ని రాసిచ్చే పని మన మహిళా సంఘాలు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.