వాకిట నిలిచిన వాన

ఈ వారము మా వీధి చివర ఒక గృహస్థు తన ఇంటి ముందరి సిమెంటు గచ్చును పగులగొట్టించుట చూచి నాకు కలిగిన సంతోషము ఇంతింతనరానిది. గుమ్మము మొదలు రోడ్డు అంచువరకు బండలు పరపించి, వానిపై పడిన ప్రతి బొట్టును పొరుగువాని వాకిటికి తరలించినగాని గృహనిర్మాణము ముగిసినట్లు భావింపని యీ తిరుపతి పట్టణమున, ఒకాయన మేస్త్రీని పిలిపించి, ఉన్న గచ్చు తీయించి, ఆ చోట రోడ్డుకన్న జానెడు పల్లముగా ఒక మట్టిమడి చేయించుట సామాన్యమైన సంగతి కాదు. అడుగున గులకరాళ్లు, వానిపై ఇసుక, ఆపైన పశువుల ఎరువు కలిపిన ఎర్రమట్టి, అంచుల వెంబడి వట్టివేరు దుబ్బులు. మిద్దెమీదినుండి దిగెడి గొట్టమును ఆ మడిలోనికే త్రిప్పినారు. మడి నిండినచో మిగులునీరు పోవుటకు వీధికాలువ వైపు చిన్న గండి విడిచినారు.

మేస్త్రీ మాత్రము చేతులు కడుగుకొనుచు, "ఏం సామీ, ఇంత కర్చు పెట్టి వాకిట్లో బురద చేసుకుంటా ఉండాడే ఈయప్ప, దోమలు రావా?" అని నన్నడిగెను. దోమపిల్ల నీటిలో పెరిగి రెక్కలు తెచ్చుకొనుటకు ఇంచుమించు వారము పట్టుననియు, ఇట్టి మడిలో నీరు ఒకటి రెండు దినములకు మించి నిలువదనియు చెప్పితిని. "చూద్దాంలే సామీ, వాన పడనీ" అని ఆయన తాపీ సంచిలో వేసికొని వెడలిపోయెను.

వాన పడిన చోటనే దానిని ఆపి, మట్టిచేతను వేళ్లచేతను వడగట్టించి, నేలలోనికి దింపి, వాగులకు మెల్లగా చేరనిచ్చు ఈ పద్ధతిని అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున, ప్రిన్స్ జార్జెస్ కౌంటీవారు 1990 దశకమున వృద్ధిపరచి శాస్త్రముగా గ్రంథస్థము చేసిరి. పట్టణపు వాననీరు కాలువలగుండ ఒక్కుమ్మడిగా పోయి సెలయేళ్ల ఒడ్లను కోసివేయుచు, రోడ్లమీది మురికినంతను జలచరముల నెత్తిన పోయుచుండుట చూచి వారు కనిపెట్టిన ఉపాయమిది. చెరువుల విషయమున నాకుగల పక్షపాతమును చిరకాలముగా ఎరిగిన పాఠకులు నేనిపుడేమందునో ఊహించియే యుందురు: నీటిని నిలుపుకొనుట నేర్చుటకు రాయలసీమవాడు మేరీలాండు వరకు పోవలెనా?

కడపసీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. బుక్కరాయల కుమారుడును, ఉదయగిరి పాలకుడును నగు భాస్కరుడు, దినమునకు వేయిమంది కూలీలను, రాతిపనికి నూరు బండ్లను నియోగించి, రెండేండ్లలో ఆ చెరువును ముగించిన వైనమును అందు చెక్కించుటయే గాక, మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, రాకూడని ఆరు దోషములను కూడ ఏకరువు పెట్టించినాడు. గట్టినేల, తియ్యని నీటి ఏరు, ఆనుకొనియున్న కొండ, దగ్గరలో రాతిగని, పని తెలిసిన జనము మొదలైనవి అంగములు. కట్టనుండి నీరు చెమర్చుట, చవిటినేల, నీరు చాలక ఆయకట్టు మెండగుట, స్థలము చాలక నీరు మెండగుట మొదలైనవి దోషములు. ఈ కడపటి దోషము వ్రాసినవాని దృష్టి యెంతటిదో నేటి మన కాలనీలను చూచిన ప్రతి వానకాలమునను నాకు స్ఫురించుచునే యుండును.

అంతదూర మేల, తిరుమల ఆలయపు గోడలమీది శాసనములే చాలును. 15, 16 శతాబ్దులలో భక్తులు నిత్యనైవేద్యములకై సమర్పించిన ధనమును శ్రీవారి భండారమువారు పెట్టెలలో దాచక, స్వామివారి గ్రామములలో చెరువులకును కాలువలకును వెచ్చించి, ఆ నీటివలన అధికముగా పండిన పంటనుండి దాత కోరిన కైంకర్యమును జరిపించెడివారు. చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ 1960లో ఈ ఏర్పాటును గూర్చి వ్రాసిన వ్యాసము సుప్రసిద్ధము. దేవుని ప్రసాదము చెరువుకట్ట క్రింద పండినదని తెలిసిననాడు నాకు ఆ కొండయందు భక్తి ఇనుమడించినది.

చంద్రగిరికి పడమట మా మేనమామగారి ఊరిలో చెరువు కట్టను, తూమును కనిపెట్టి చూచెడి ఒక నీరుగంటి తాత యుండెడివాడు. కార్తీకమాసమున వాయుగుండము పట్టి రాత్రియెల్ల వాన కురియుచున్నపుడు, లాంతరు ఒక చేతను, పార ఒక చేతను పట్టుకొని, గోనెసంచి కొప్పెర వేసికొని కట్టమీద ఈ కొసనుండి ఆ కొసకు తిరుగుచునే యుండెడివాడు. తూము దగ్గర వంగి చెవియొగ్గి వినెడివాడు; ఎండ్రకాయల బొరియలను జిగటమట్టితో పూడ్చి మడమతో త్రొక్కెడివాడు. పిల్లవాడనగు నేను వెంటబడగా నన్ను వారింపక, కట్ట వెలుపలి చెమ్మను లాంతరు వెలుతురున చూపి, "ఈ నీళ్లు తేటగా వస్తే ఊట అబ్బోడా, ఎర్రగా వస్తే గండి. ఎర్రగా కనపడితే ఊరిని లేపేదే" అని చెప్పెను. కట్టలోని మట్టి నీటితో కలిసి కదలుచున్నదా లేదా యనుటకు ఇంతకన్న సూటియైన పరీక్షను నేను తరువాత ఏ ఇంజనీరు నోటను వినలేదు. కోతలైన తరువాత కల్లములో ధాన్యము కొలుచునపుడు, ఇంటివారి బస్తాలు నిండకముందే తాత వంతుగా మేర తీసి వేరుగా కుప్ప పోసెడివారు. చెరువును బాగుచేయువారికి దశబంధమను పేర పదవవంతు మాన్యము లిచ్చిన దేశమిది. తాత మేర కూడ ఆ ధర్మములోనిదే.

2021 నవంబరు 18, 19 తేదీలలో కపిలతీర్థమునుండియు మాల్వాడిగుండమునుండియు దూకిన నీరు తిరుపతి వీధులలో ప్రవహించి, ఘాటురోడ్లు మూతబడి, స్వర్ణముఖి ఒడ్లు దాటినపుడును, ఆ వెంటనే రామచంద్రాపురము దగ్గర రాయలచెరువు కట్ట చెమర్చి గ్రామములను ఖాళీ చేయింపవలసి వచ్చినపుడును, నాకు ఆ లాంతరే జ్ఞాపకము వచ్చినది.

ఇంతటితో ఆగినచో చెరువులను బాగుచేసికొనిన చాలును, మడుల గొడవ మనకేల యని తేలవలెను. అట్లు తేల్చుటకు లెక్క ఒప్పుకొనదు. ఒక సెంటు మిద్దెమీద పది సెంటీమీటర్ల వాన కురిసినచో దిగెడి నీరు నాలుగువేల లీటర్లు. శేషాచలముమీద పడిన వాన చెట్ల ఆకులను, గడ్డిని తడిపి, క్వార్ట్‌జైటు రాతి పగుళ్లలో దూరి, అడుగున గ్రానైటు అడ్డుపడినచోట ప్రక్కకు ఊరి, కొంత దినములకు, కొంత నెలలకు వంక చేరును. పెద్దలు చెరువులను ఆ నడకకు తగినట్లుగా కట్టిరి. వేల మిద్దెలనుండి ఒక్క గంటలో దిగివచ్చు నీటికి ఆ చెరువులలోను, వాని మొరవలలోను చోటు లేదు. పైగా చెరువునకు నీరు తెచ్చు వంకలమీదనే ఇండ్లు లేచినవి.

నీటి గుణము వేఱొక సంగతి. వాన మొదలైన తొలి పావుగంటసేపు మా అరుగుమీద నిలిచి వీధికాలువను చూచుట నాకు అలవాటు. మొదట వచ్చునది నలుపు; అందు బండ్ల ఆయిలు, టైర్ల పొడి, టీకప్పులు, వాడిన పూలదండలు. తరువాత ఎరుపు, చాలసేపటికి గాని తేటనీరు రాదు. నాడు చెరువులో దిగిన ఒండ్రు రైతునకు ఎరువై పొలమునకు బండ్లకెక్కెడిది; నేడు ఈ నలుపు దిగిన చెరువులోనుండి దేనిని బండికెత్తగలము? స్వర్ణముఖికైనను చెరువునకైనను ఈ నీరు చేరకముందే ఎవరో ఒకరు దానిని మట్టిలో వడగట్టవలెను. ఆ పని మా వీధి గృహస్థు వాకిటనే జరుగవలెను, ప్రతి వాకిటను జరుగవలెను. చెరువుయందు ప్రేమ గలవాడు ముందుగా ఈ మడిని కోరవలెను.

అయితే మడి త్రవ్వుటతో తీరునది కాదు. 2002 నాటి వాల్టా చట్టముతో ఇంకుడుగుంతలు మన యిండ్ల ప్లానులకెక్కినవి. వానిలో ఎన్నియో ప్లాను మంజూరు కొఱకే పుట్టినవి. ఈ మధ్య ఒక అపార్టుమెంటులో అట్టి గుంతమీది మూత తీయించి చూచితిని: పైకంకరమీద అట్ట కట్టిన బంకమన్ను, అందు చిక్కుకొన్న ప్లాస్టిక్ సంచులు. చెంబెడు నీరు పోయించితిని. అది పైననే నిలిచినది. గుంతలో దోషము లేదు. దానికొక తాత లేడు, కల్లములో తీసిపెట్టిన మేర లేదు.

అందుచేత పది పదునైదు వీధులకొక నీరుగంటిని నియమింపవలెనని నా కోరిక. ఈశాన్య ఋతుపవనము రాకముందే మడుల పైమట్టి వ్రేలెడు గోకి క్రొత్తమట్టి వేయుట, గుంతల కంకరను తీసి కడిగి మరల పేర్చుట, తొలివానకు ముందు రోడ్ల దుమ్మును ఎత్తించుట, వాన నడుమ గండ్లు పూడకుండ చూచుట ఆయన విధులు కావలెను. ఆయన జీతము ఆస్తిపన్నునుండి రావలెను. మిగిలినచో ఇచ్చునట్టిదిగా కాక, వీధిదీపములకును రోడ్లకును పంచకముందే వేరుగా తీసిపెట్టునట్టిదిగా ఉండవలెను. వచ్చే ఏటి బడ్జెటును నగరపాలక సంస్థవారు చర్చకు తెచ్చునపుడు ఈ పద్దును మొదటి పుటలో చేర్పుడని మా వీధివారి సంతకములతో అర్జీ వ్రాయుచున్నాను. చదువరులలో తిరుపతి వాస్తవ్యులు తమ తమ వీధులనుండి మరియొకటి వ్రాసి పంపగలరని ఆశించుచున్నాను.