గాలి చూసి, మీటరు చూసి

‘యాది తీసుకోమంటావు నా?’ అంటూ ఫోన్లో వెల్డింగ్ మిషన్ల బొమ్మలు చూపించే పిల్లలు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఆదివారం పూట ఇంటి దగ్గరే గేటుకో కొక్కెం, పూలకుండీలకో స్టాండు సొంతంగా చేసుకుందామన్న ఉబలాటం. ఒకడు 200 ఆంపియర్లంటాడు, ఇంకొకడు 250 అంటాడు, మరొకడికి ఏకంగా మిగ్ మిషనే కావాలి. మీటరు నుంచి నువ్వు పని చేసే చోటికి వైరు ఎంత దూరంరా అని నేనడిగితే మొహం చిట్లిస్తారు.

చిట్లించినా లెక్క మారదు. 2.5 మిల్లీమీటర్ల రాడ్డును 80 ఆంపియర్ల మీద కాలిస్తే చిన్న ఇన్వర్టర్ మిషన్ గోడ సాకెట్ నుంచి సుమారు 14 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్‌కు అదే దాదాపు హద్దు. 3.15 రాడ్డు పట్టుకుని 110 పెట్టారంటే 20 దాటుతుంది. డబ్బా మీద 200 అని ఎంత లావుగా రాసున్నా మామూలు ఇంటి వైరింగు మీద అందులో సగం వాడుకుంటే గొప్ప. లైను చివరున్న పల్లె ఇళ్లలో సాయంత్రమయ్యేసరికి వోల్టేజీ దిగిపోతుంది. దానికి తోడు సన్నటి వైరును పెరడంతా లాగితే మిషన్‌కు చేరేది ఇంకా తక్కువ. రాడ్డు ఇనుముకు అతుక్కుపోయి ఎర్రబడుతుంది, కుర్రాడు మిషన్‌ను తిడతాడు. కాబట్టి అంగట్లో అడగాల్సిన మొదటి మాట: వోల్టేజీ ఎంత దాకా దిగినా ఇది పని చేస్తుంది? బోరు దగ్గర త్రీఫేజ్ ఉంది కదా, పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ తెచ్చి తగిలిస్తానంటారు కొందరు. ఆ కరెంటు మోటారుకిచ్చింది. పైగా ఆ మిషన్ జరపాలంటే ఇద్దరు కావాలి. వద్దు.

ఇక మిగ్. వీడియోల్లో అది పనిచేసేది తలుపులు మూసిన షెడ్లలో. మనం వేసేది వేపచెట్టు కింద. నైరుతి రుతుపవనం వానంతా పడమటి కనుమల అవతలే కురిసేసి, అనంతపురానికి ఎక్కువగా గాలినే పంపుతుంది. ఏడాదికి ఇక్కడ పడేది 550 మిల్లీమీటర్ల చిల్లర. రామగిరి కొండల మీద 1990ల నుంచే గాలిమరలు నిలబడ్డాయంటే ఊరికే కాదు. గంటకు ఎనిమిది కిలోమీటర్ల గాలి వీచినా చాలు, కరిగిన ఇనుమును కప్పాల్సిన మిగ్ గ్యాసు చెదిరిపోయి అతుకంతా బెజ్జాలే. సిలిండరు నింపించడానికి టౌనుకు పోవడం మరో తిప్పలు. పూత రాడ్డుకు ఈ బాధ తక్కువ. స్వీడన్‌లో 1904లో ఈసాబ్ కంపెనీ పెట్టిన ఆస్కార్ షెల్‌బర్గ్ దీన్ని కనిపెట్టిందే ఓడల బాయిలర్లకు మరమ్మతు చేయాల్సి వచ్చి. పైపూత కాలి కొంత పొగగా, కొంత పెంకుగా మారి కరిగిన ఇనుమును తానే కప్పుతుంది. గాలి మరీ జోరుగా ఉంటే ఒక రేకు అడ్డం పెట్టుకుంటే సరి.

మన సీమ కొత్త వెల్డరుకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. పాత ఇనుప సామాన్ల అంగట్లో చవగ్గా దొరికేది ఎండిపోయిన బోర్ల నుంచి పీకిన జీఐ పైపులు. ఒకప్పుడు అప్పు చేసి భూమిలోకి దించినవే ఇప్పుడు బెంచీలకు కాళ్లవుతున్నాయి, కోళ్ల గూళ్లవుతున్నాయి. వాటి మీద జింకు పూత ఉంటుంది. అలాగే రాడ్డు పెడితే తెల్లటి పొగ లేస్తుంది. అది పీల్చినవాడికి రాత్రికి చలి, వణుకు, జ్వరం. అతుకు వేసే చోట రెండు పక్కలా అంగుళం మేర గ్రైండరుతో పూత గీకి, గాలి మీ వీపు వైపు నుంచి కాక పక్క నుంచి వీచేలా కూర్చోవాలి. వీపు వైపు నుంచి వస్తే పొగ మొహం ముందే సుడి తిరుగుతుంది. పాలు తాగితే ఏమీ కాదని షాపుల్లో చెప్పే మాట నమ్మొద్దు.

ఎండ సంగతి కూడా. మిషన్ మీద 60 శాతం అని ఉంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కాల్చి నాలుగు ఆపమని అర్థం. మంచి కంపెనీలు ఆ లెక్క 40 డిగ్రీల వేడికి కడతాయి. మే నెలలో మన నీడలోనే అంత ఉంటుంది, అందుకే తెల్లవారి పని చేసుకోండి. ఫ్యానులోంచి లోపలికి పోయిన ఎర్రదుమ్మును అప్పుడప్పుడూ ఊదించండి.

నా మాట వింటే, తక్కువ వోల్టేజీని తట్టుకునే 200 ఆంపియర్ల ఇన్వర్టర్ ఆర్క్ మిషన్ ఒకటి, 6013 రకం 2.5 రాడ్లు ఒక ప్యాకెట్ కొనండి. మీటరు దగ్గర నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, మంచి ఎర్తింగు వేయించండి. చేతికి తోలు గ్లోవ్స్, మొహానికి పదో నంబరు అద్దమున్న హెల్మెట్ ఉండాల్సిందే. బేరమాడాలనుకుంటే మిషన్ ధర మీద ఆడండి, హెల్మెట్ మీద మాత్రం వద్దు.