కండకు తొందర పనికిరాదు

ఢిల్లీలోని మునిర్కా ఊరి సందుల్లో ఇప్పుడు జిరాక్సు షాపు ఎంత దగ్గరో జిమ్ము కూడా అంతే దగ్గర. పక్క మేడలో అద్దెకుంటూ జేఎన్‌యూలో చదువుకునే మనవైపు కుర్రాడొకడు ఈ వారం మెట్లు దిగలేక గోడ పట్టుకుని నిలబడ్డాడు. చేరిన మొదటిరోజే ఆగకుండా గుంజీలు తీయించారట. "లాక్టిక్ యాసిడ్ పేరుకుందంట బాబాయ్. రేపు ఇంకా గట్టిగా చేస్తే కరిగిపోద్దన్నారు" అన్నాడు. చేతిలో కొత్తగా కొన్న క్రియాటిన్ డబ్బా. నాకు ఒళ్లు మండింది. ఈ వారం కాలమ్ అంతా ఆ డబ్బాల వ్యాపారం మీదే రాద్దామని కూర్చున్నాను.

కానీ క్రియాటిన్ అన్న మాట రాయగానే మనసు భీమవరం వెళ్లిపోయింది. అక్కడ పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి మీద నా అభిమానం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఆయన పేరెత్తితే ఫోలిక్ యాసిడ్ అంటాం, బోదకాలు మందు అంటాం. ఆయన తొలి ఘనకార్యం కండరం మీద జరిగిందని మాత్రం మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

1922 నోబెల్ బహుమతి కండరంపై పరిశోధనకే హిల్, మేయర్‌హాఫ్‌లకు దక్కింది. కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పటి శాస్త్రలోకం నమ్మేది. ఆ రోజుల్లో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే దగ్గర సుబ్బారావు గారు చేసిన పని పైకి చాలా చిన్నది: ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి తయారుచేయడం. 1925లో అది అచ్చయింది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే ద్రావణం అంత నీలంగా మారుతుంది. జీవరసాయన విద్యార్థులు ఈనాటికీ దాన్ని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే నేర్చుకుంటారు.

అదే పద్ధతిని కండరం నుంచి తీసిన ద్రావణం మీద ప్రయోగిస్తే రంగు వెంటనే తేలలేదు. మెల్లమెల్లగా చిక్కబడుతూ వచ్చింది. కొలతలో లోపమని దాన్ని పక్కన పెట్టేయవచ్చు. వాళ్లు పెట్టలేదు, ఆ ఆలస్యం వెంటే పడ్డారు. కండరంలోని ఫాస్ఫేట్‌లో చాలా భాగం క్రియాటిన్‌తో జతకట్టి ఉందని, పరీక్ష జరుగుతుండగా ఆ జత నెమ్మదిగా విడిపోతోందని తేల్చారు. 1927లో ఆ ఫలితం 'సైన్స్' పత్రికలో వచ్చింది. పిల్లి కండరాన్ని ప్రేరేపిస్తే ఆ జత, అంటే ఫాస్ఫోక్రియాటిన్, తరిగిపోయింది. విశ్రాంతినిస్తే మళ్లీ కూడింది. 1929లో ఆ ఇద్దరే కండరానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువును కనుగొన్నారు. జర్మనీలో లోమన్ కూడా ఆ ఏడాదే దాన్ని కనుగొన్నాడు. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం తయారుకాకుండా విషమిచ్చి ఆపినా కండరం ముడుచుకుంటూనే ఉందని చూపించాడు. పాత సిద్ధాంతం కూలింది. హిల్ స్వయంగా 1932లో ఈ మార్పును కండర శాస్త్రంలో విప్లవమన్నాడు.

దాదాపు వందేళ్లయింది. మునిర్కా జిమ్ముల్లో లాక్టిక్ యాసిడ్ ఇంకా రాజ్యమేలుతోంది.

బరువెత్తినప్పుడు కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్లకు మించి రాదు. ఆ తర్వాత ఇంచుమించు పది సెకన్లు ఆదుకునేది ఫాస్ఫోక్రియాటినే. ఖర్చయిన నిల్వ కొన్ని నిమిషాల విశ్రాంతితో తిరిగి నిండుతుంది. క్రియాటిన్‌ను మన ఒంట్లో రోజుకు ఒక గ్రాము వరకు తయారుచేసుకుంటాం. కొంత మాంసం, చేపల నుంచి వస్తుంది. డబ్బాలోని పొడి చేసేదల్లా ఆ నిల్వను కాస్త పెంచడమే. మూత్రపిండాలు బాగున్నవాళ్లు రోజుకు మూడు నుంచి ఐదు గ్రాములు తీసుకుంటే హాని లేదు. ఇంత రాశాక డబ్బా మీద కోపం నిలవలేదు. అందులో ఉన్నది సుబ్బారావు గారు చూపిన నిజమే.

తప్పంతా "నొప్పి వస్తేనే కండ" అన్న బోధది. గట్టిగా శ్రమించినప్పుడు పుట్టే లాక్టిక్ ఆమ్లం, అంటే లాక్టేట్, గంటా గంటన్నరలో రక్తం నుంచి తొలగిపోతుంది. కండల నొప్పి మాత్రం ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. అది గాయం నొప్పి. గుంజీలో కిందికి దిగేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బిగిసి ఉండాలి. అలవాటు లేని కండరంలోని సన్నటి పోగులు ఆ లాగుడుకు అక్కడక్కడా దెబ్బతింటాయి. ఇలాంటి చిరుగులే కారణమై ఉండొచ్చని బోస్టన్‌లో థియోడర్ హో 1902లోనే రాశాడు. వాటిని బాగుచేసే కణాలు కండర తంతువులను అంటిపెట్టుకుని ఉంటాయని 1961లో అలెగ్జాండర్ మౌరో చూశాడు. వాటి పనికి రోజులు పడతాయి. కండ పెరిగేది ఆ విరామంలోనే. రేపు ఇంకా గట్టిగా చెయ్యమనడం గాయం మీద గాయం చెయ్యమనడమే.

జిమ్ములో కొత్తగా చేరే పిల్లలకు, వాళ్లను దూరం పంపిన తల్లిదండ్రులకు ఒక్క మాట. మొదటి రెండు వారాలు తక్కువ బరువుతో, నొప్పి తగ్గేదాకా ఆగి చేయండి. విపరీతమైన నొప్పితో పాటు కండలు వాచినా, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారినా ఇంట్లో కూర్చోకండి. కండరం పెద్దఎత్తున కరిగి రక్తంలో కలిస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లి, కండరం దెబ్బతిన్నదేమో చెప్పే సీపీకే రక్తపరీక్ష చేయించండి.