పదహారింట నాలుగు

వెలుగుతున్న గ్యాస్ పొయ్యి మీద చిటికెడు ఉప్పు చల్లితే నీలి మంట ఒక్క క్షణం పసుప్పచ్చగా మారి మళ్లీ నీలమవుతుంది. ఆ పసుపు ఉప్పులోని సోడియంది. ఎల్‌ఈడీలు రాకముందు మన ఊళ్ల కూడళ్లలో వెలిగిన వీధి దీపాల రంగు కూడా దాదాపు అదే. ఆ ఉప్పు మంట పసుపు వెలుతురును గాజు పట్టకం గుండా పంపిస్తే ఇంద్రధనుస్సు రాదు. చీకట్లో పక్కపక్కన రెండు సన్నని గీతలు మాత్రం కనిపిస్తాయి. వాటి తరంగదైర్ఘ్యాలు 589.0, 589.6 నానోమీటర్లు. ఈ రెండు అంకెలూ కాస్త గుర్తుంచుకోవాలి. విశ్వం ఎలా మొదలైందన్న లెక్కలో ఇవి రెండుసార్లు అడ్డు వస్తాయి.

మొదటిసారి అడ్డు వచ్చింది మన దగ్గరే. 1868 ఆగస్టు 18 ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణం నీడ బీజాపూర్ వైపు నుంచి గుంటూరు, మచిలీపట్నాల మీదుగా సముద్రంలోకి వెళ్లింది. ఆ నీడపట్టీ వెడల్పు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. నందిగామకూ గుంటూరుకూ మధ్య గాలిబాటన 55 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. జగ్గయ్యపేట మరో ఇరవై కిలోమీటర్లు ఎడం. అంటే ఈ మెట్ట ఊళ్లు రెండూ ఆ పూట చీకట్లో మునిగినవే. గుంటూరులో చీకటి ఐదు నిమిషాలకు పైగా నిలిచింది. అందుకే ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ పెట్టెలు మోయించుకుని అక్కడికి వచ్చి, ఒక ఫ్రెంచ్ వర్తకుడి ఇంట దిగాడు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు.

జాన్సెన్ పెట్టెల్లో వచ్చిన పనిముట్టు వర్ణపటదర్శిని. దాని భాగాలు నాలుగే. ముందు ఒక సన్నని చీలిక: దూరదర్శిని అందించే సూర్యబింబంలోంచి వెంట్రుకవాసి ముక్కను మాత్రం అది లోపలికి రానిస్తుంది. చీలిక దాటి విచ్చుకుపోతున్న కిరణాలను ఒక కటకం సమాంతరంగా సర్దుతుంది. తర్వాత పట్టకం ఒక్కో రంగును ఒక్కో కోణంలో వంచుతుంది. చివర చిన్న దూరదర్శినికి కన్ను ఆనించి చూడాలి. వెలుతురులో ఎన్ని రంగులుంటే అన్ని చోట్ల ఆ చీలిక బొమ్మ పడుతుంది. మనం గీత అంటున్నది నిజానికి చీలిక బొమ్మే. చీలికను ఎంత సన్నం చేస్తే గీత అంత పదునెక్కుతుంది, వెలుతురు మాత్రం అంత తగ్గుతుంది. పనివాడి నేర్పంతా ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో తెలియడంలో ఉంది.

చంద్రుడి అంచు వెంట ఎగసిన ఎర్రటి సౌరజ్వాలల మీదికి చీలిక తిప్పగానే జాన్సెన్‌కు మెరిసే గీతలు కనిపించాయి. అవి ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, వీటిని చూడడానికి గ్రహణం దేనికి, మామూలు పగలే చూడవచ్చు కదా అని అతనికి తట్టింది. మర్నాడే చూసి చూపించాడు. ఇందులో కిటుకు కళ్లం చేసినవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. వడ్లను ఎంత మేర పరిస్తే పొర అంత పలచనవుతుంది, వాటిలో పడిన గుండ్రాయి మాత్రం గుండ్రాయిగానే ఉంటుంది. సూర్యుడి చుట్టూ ఆకాశపు వెలుగులో అన్ని రంగులూ ఉన్నాయి కనుక పట్టకం దాన్ని పరిచి పలచన చేస్తుంది. జ్వాల వెలుగు నాలుగైదు గీతల్లోనే గుత్తంగా ఉంటుంది, అది పలచబడదు. పొర తగినంత పలచబడితే రాయి పైకి తేలుతుంది. గ్రహణం కోసం ఇన్ని వేల మైళ్లు వచ్చి, ఇక గ్రహణంతో పనిలేదని తేల్చి వెళ్లాడాయన.

గుంటూరులో జాన్సెన్ హీలియం కనిపెట్టాడని పాఠ్యపుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. అంత తేలిగ్గా జరగలేదు. ఆ ఉదయం మన దేశంలో పలుచోట్ల పరిశీలకులు జ్వాలల్లో పసుపు గీతను చూశారు, ఎక్కువమంది దాన్ని సోడియం గీతే అనుకున్నారు. తప్పు పట్టలేం. తేడా నానోమీటరున్నర లోపే. అదే ఏడాది అక్టోబరు 20న లండన్‌లో నార్మన్ లాకియర్ కూడా గ్రహణం లేకుండానే జ్వాలలను చూసి, ఆ గీత సోడియం చోటుకు కాస్త పక్కకు ఉందని కొలిచి చెప్పాడు. అది 587.6 దగ్గర ఉంది. భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ అక్కడ గీత లేదు. గ్రీకులో సూర్యుడికున్న పేరు మీదుగా హీలియం అన్నారు. 1895లో విలియం రామ్‌సే ఒక యురేనియం ఖనిజం నుంచి వచ్చిన వాయువులో అదే గీతను చూసేదాకా చాలామంది నమ్మలేదు.

పేరు దొరికాక పరిమాణం సంగతి వచ్చింది. విశ్వంలో మామూలు పదార్థం బరువులో దాదాపు పావు వంతు హీలియమే. మిగతాది ఇంచుమించు అంతా హైడ్రోజన్. ఈ పావు వంతు ఎక్కడిది? నక్షత్రాలు హైడ్రోజన్‌ను హీలియంగా మారుస్తాయన్నది నిజమే. కానీ అవి ఇన్ని వందల కోట్ల ఏళ్లు వెలిగినా ఇందులో కొద్ది పాళ్లకు మించి తయారుచేయలేవు.

జవాబు కోసం విశ్వం మొదటికి వెళ్లాలి. 1927లో బెల్జియం మతాచార్యుడు జార్జ్ లెమెత్ర్, 1929లో ఎడ్విన్ హబుల్ గెలాక్సీలు దూరాన్నిబట్టి వేగంగా ఎడమవుతున్నాయని చూపారు. ఎడమవుతున్నవాటిని వెనక్కి నడిపిస్తే ఒకప్పుడు అంతా ఇరుకుగా, వేడిగా ఉండాలి. 1948లో రాల్ఫ్ ఆల్ఫర్, జార్జ్ గామోవ్‌లు ఆ వేడిలో మూలకాలు ఉడికి ఉంటాయన్నారు. ఆ లెక్క ఆ తర్వాత పలువురి చేతుల్లో సానబడింది. దాని లోపలి అమరిక నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

మొదటి సెకను ముగిసేసరికి వేడి 1000 కోట్ల డిగ్రీలు. ఆ వేడిలో ప్రోటాన్లు న్యూట్రాన్లుగా, న్యూట్రాన్లు ప్రోటాన్లుగా మారిపోతూ ఉంటాయి. ఈ మార్పిడి ఎలక్ట్రాన్లు, న్యూట్రినోల ద్వారా జరుగుతుంది. న్యూట్రాన్ బరువు ప్రోటాన్ కన్నా వెయ్యింట ఒకటిన్నర వంతు లోపే ఎక్కువ. బరువైనదాన్ని తయారుచేయడానికి ఖర్చెక్కువ కనుక, వేడి తగ్గేకొద్దీ తూకం ప్రోటాన్ల వైపు మొగ్గుతుంది. ఇలాగే సాగితే న్యూట్రాన్లు మిగలవు, హీలియమే ఉండదు. కానీ ఈలోగా విశ్వం విస్తరిస్తోంది. సంత విడిపోతున్నప్పుడు బేరగాళ్లు ఎడమైపోయి బేరం ఆఖరి ధర దగ్గరే నిలిచిపోయినట్టు, న్యూట్రినోలకు ఢీకొనే తోడు దొరక్క మార్పిడి ఆగిపోతుంది. అప్పటికి ఒక న్యూట్రాన్‌కు దాదాపు ఆరు ప్రోటాన్లు ఉన్నాయి.

హీలియం చేయాలంటే ముందు ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ జతకట్టాలి. ఆ జత పేరు డ్యుటేరియం, దాని ముడి వదులు. ఒక్కో కణానికి వంద కోట్లకు పైగా కాంతి కణాలున్న చోట, జత కట్టినంతసేపు పట్టదు విడగొట్టబడడానికి. కనుక ఆగాలి. వేడి 100 కోట్ల డిగ్రీల కిందికి దిగడానికి సుమారు మూడు నిమిషాలు పడుతుంది. ఆగడమూ ఉచితం కాదు, ఒంటరి న్యూట్రాన్ సగటు ఆయుష్షు పదిహేను నిమిషాల లోపే. ఆ నిరీక్షణలో కొన్ని విరిగి ప్రోటాన్లవుతాయి. జతలు నిలబడే వేళకు ఒకటికి ఏడు అవుతుంది లెక్క.

ఇక్కడి నుంచి లెక్క వేలి కణుపుల మీదే అయిపోతుంది. పదహారు కణాలు తీసుకుంటే రెండు న్యూట్రాన్లు, పద్నాలుగు ప్రోటాన్లు. ఆ రెండు న్యూట్రాన్లూ రెండు ప్రోటాన్లను కలుపుకుని ఒక హీలియం అవుతాయి. పన్నెండు ప్రోటాన్లు హైడ్రోజన్‌గా మిగిలిపోతాయి. పదహారింట నాలుగు, అంటే పావు వంతు బరువు. రెండు కణాల బరువుల మధ్య వెంట్రుకవాసి తేడా, విస్తరించే వేగం, న్యూట్రాన్ ఆయుష్షు. ఈ మూడూ కలిసి ఒక్క అంకెను బిగించాయి. ఏ ఒక్కటి కదిలినా అంకె కదులుతుంది. న్యూట్రినోల్లో రకాలు ఎక్కువుంటే విస్తరణ వేగం పెరిగి, బేరం ముందే ఆగి, హీలియం ఎక్కువ కావాలి. అలా లెక్కగట్టి 1980లలో ఆ రకాలు నాలుగుకు మించవన్నారు. 1989లో జెనీవా దగ్గరి సెర్న్ యంత్రం లెక్కపెడితే మూడే తేలాయి.

వంట హీలియం దగ్గరే ఎందుకు ఆగింది? ఐదు కణాలతో గానీ ఎనిమిది కణాలతో గానీ నిలబడే కేంద్రకం ప్రకృతిలో లేదు. నిచ్చెనలో రెండు మెట్లు విరిగి ఉన్నాయి. వాటిని దాటే దారి నక్షత్రాల గర్భంలోనే ఉంది. జగ్గయ్యపేట క్వారీల సున్నపురాయిలోని కాల్షియం, కార్బన్, ఆక్సిజన్ అన్నీ నక్షత్రాల్లో ఉడికినవే, తొలి నిమిషాల సరుకు ఆ రాయిలో లేదు. కృష్ణ నీళ్లలో ఉంది, హైడ్రోజన్ రూపంలో. మొదటి వంటలో చిటికెడు లిథియం కూడా తయారైంది. పాత నక్షత్రాల్లో కనిపించే లిథియం సిద్ధాంతం చెప్పినదానిలో మూడో వంతు మాత్రమే. ఆ కీలు ఇంకా సరిగ్గా కూర్చోలేదు.

హీలియం నక్షత్రాల్లో పుట్టింది కాదని 1964లో గట్టిగా లెక్కకట్టినవాళ్లలో ఫ్రెడ్ హాయిల్ ఒకడు. మన జయంత్ నార్లికర్ గురువు ఆయనే. విశ్వానికి మొదలే లేదని నమ్మిన మనిషి. 1949లో రేడియోలో ప్రత్యర్థుల వాదానికి ‘బిగ్ బ్యాంగ్’ అని పేరు పెట్టింది కూడా ఆయనే. నమ్మకం అటు ఉన్నా లెక్కను ఇటు వెళ్లనిచ్చాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

ఇక మిగిలింది కొలవడం. నక్షత్రాలు కలిపిన కల్తీ లేని హీలియం కావాలి. కల్తీకి ఆనవాలు ఆక్సిజన్. అందుకని ఆక్సిజన్ బాగా తక్కువున్న చిన్న గెలాక్సీలను వెదికి, ఒక్కోదానిలో హీలియం ఎంతుందో గుర్తించి, రెంటినీ గ్రాఫు మీద పెట్టి, ఆక్సిజన్ సున్నా అయ్యే చోటుకు ఆ గ్రాఫు గీతను పొడిగిస్తారు. అక్కడ వచ్చేది నూటికి ఇరవై నాలుగున్నర పాళ్ల ప్రాంతంలో. ఈ కొలతకు ఎక్కువగా వాడే గీతల్లో ఒకటి ఆ 587.6 పసుపు గీతే.

అలాంటి గెలాక్సీల్లో పేరున్నది సప్తర్షి మండలం దిశలోని ‘ఐ జ్వికీ 18’. అది మన నుంచి సెకనుకు సుమారు 750 కిలోమీటర్ల వేగంతో ఎడమవుతోంది. ఆ వేగానికి దాని గీతలన్నీ ఎరుపు వైపు కాస్త జరుగుతాయి. 587.6 జరిగి చేరేది 589.0 దగ్గరికి. అక్కడ మన పాలపుంతలోని సోడియం దారికి అడ్డంగా ఉండి ఆ వెలుగులో కొంత మింగేస్తుంది. కొలిచినవాళ్లు ఈ చిక్కును గుర్తించారు. ఆ గెలాక్సీలో ఆ పసుపు గీతను నమ్మడానికి వీల్లేక హీలియంకున్న వేరే గీతల వైపు, నీలంలో 447.1, ఎరుపులో 667.8 వైపు, చూపు తిప్పుకోవలసి వచ్చింది.