పాత వాకిలికి కొత్త ఇల్లు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఏ పల్లెకు పోయినా మట్టిమిద్దె పడగొట్టి స్లాబు వేసే పని కనబడుతుంది. దూలాలు ఒకపక్క, రాళ్ళు ఒకపక్క కుప్పపోసి, వాటిమీద వాకిలిని వెల్లకిలా పడేసి ఉంటారు. రెండంగుళాల మందం చెక్క, రెండు రెక్కలు, ఇనుప గుబ్బలు, తరాల పసుపు పట్టి నల్లబడిన గడప. చూసిన ప్రతిసారీ నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ వాకిలిని మళ్ళీ నిలబెట్టగలిగిన వడ్రంగి ఆచార్లు ఈ సీమలో ఇంకా ఉన్నారు. పిలిచేవాళ్ళే కరువయ్యారు.

పాత తలుపును బిగించడం కొత్తదాన్ని చేయడం కంటే కష్టమైన పని. చాలా పాత వాకిళ్ళకు బందులుండవు. రెక్క అంచు చెక్కలోనే పైనా కిందా గుండ్రటి మొనలు తీసి ఉంటారు. పైమొన ఉత్తరాశి బెజ్జంలో, కిందిమొన గడప గుంటలో తిరుగుతాయి. గునపం పెట్టి పెళ్ళగిస్తే ముందు విరిగేవి ఆ మొనలే. పని తెలిసిన ఆచారి రెక్కల జోలికి పోడు. చుట్టూ గోడ విప్పించి, మూలలు కదలకుండా ఐమూలగా పట్టీలు కొట్టి, ద్వారబంధంతో సహా ఎత్తిస్తాడు.

పుంగనూరు వైపు ఒక పెద్దాచారి అరిగిపోయిన కిందిమొనకు అతుకు వేస్తుంటే దగ్గర కూర్చుని చూశాను. చెడిన భాగాన్ని ఏటవాలుగా కోశాడు. పాత వేపచెక్కలోనే ఈనె అదే వాలున పోయే ముక్క వెతికి తెచ్చి, దాన్నీ అదే వాలున చెక్కాడు. ఒక ముఖానికి ముగ్గుపొడి రాసి రెండిటినీ అదిమి తీశాడు. పొడి అంటిన చోటల్లా మిట్ట అన్నమాట. అక్కడ మాత్రం ఉలితో పొరంత గీకి, మళ్ళీ పొడి, మళ్ళీ అదమడం. ముఖమంతా ఒకే తీరున తెల్లబడేదాకా ఆ మనిషి తల ఎత్తలేదు. చివరికి చెక్కమేకులు దిగ్గొట్టి, మొనకు ఇనుప పొన్ను తొడిగాడు. అతుకు మీద గోరు పెట్టి లాగాను, ఎక్కడా తగల్లేదు! యంత్రం లేదు, జిగురు లేదు. ఇలాంటి చేతికి ఏ కాలేజీ పట్టా సాటి రాదని నేను ఎక్కడైనా చెబుతాను.

అసలు పరీక్ష బంధం నిలబెట్టేటప్పుడు. రెక్క తిరిగే పైబెజ్జం, కిందిగుంట ఒకదాని నెత్తిన ఒకటి నిట్టనిలువుగా ఉండాలి. ఆయన రసమట్టాన్ని పక్కన పెట్టి, పైబెజ్జం నడుమ నుంచి దారానికి కట్టిన గుండును వదిలి, అది ఊగడం మానేదాకా కాచుకున్నాడు. గుండు మొన గుంట నడిమికి రాగానే గడప కింద రాతిపలక పేర్పించాడు. తర్వాత రెక్కను సగం తెరిచి చెయ్యి తీసేశాడు. వదిలినచోటే నిలిచింది. ఇంకాస్త తోశాడు, అక్కడా నిలిచింది. ఆ నిలువు ఏమాత్రం ఒరిగినా తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, లేకుంటే మూసుకుంటుంది. అంత బరువు రెక్కను పసిబిడ్డ వేలితో నెట్టగలిగేలా నిలిపిన పనితనం చూసి దండం పెట్టాలనిపించింది.

చెక్క పొడవులో దాదాపు కదలదు. అడ్డంగా మాత్రం వానకు ఉబ్బుతుంది, ఎండకు లాగుతుంది. మనకు అక్టోబరు, నవంబరు వానల్లో తలుపు పట్టేసిందని చిత్రిక పట్టించేవాళ్ళున్నారు. సంక్రాంతి దాటాక చూస్తే రెక్కల నడుమ సందు నోరు తెరుచుకుని ఉంటుంది. తెలిసిన ఆచారి వాన నెలల్లో చిత్రిక ముట్టుకోడు. ఎండాకాలంలో సందు సరిచూసి, రూపాయి బిళ్ళ మందం వదిలేస్తాడు. పలకలను గాడిలో ఆడేటట్టే ఉంచుతాడు, మేకు కొట్టడు. బంధం వెనకవైపు జీడినూనె పూస్తాడు, చెదలు పట్టకుండా, గోడ తేమ తాకకుండా. పాత వాకిలి పొట్టిదనీ కొత్త గోడకు చాలదనీ అంటారు. పైన గాలికి జాలీ పెట్టుకుంటే సరిపోతుంది. గడప పాడైతే కుప్పం గ్రానైటు ఉండనే ఉంది.

చెక్క సంగతి వేరే చెప్పాలా? వేప, వేగిస, మద్ది, కలిగినవాళ్ళకు టేకు. పెద్దిళ్ళ టేకు బర్మా నుంచి మద్రాసు మీదుగా వచ్చిందని పెద్దలంటారు. ఈ పనికున్న గౌరవం చూడాలంటే తిరుమల చాలు. స్వామికి సుప్రభాతం పాడేది బంగారు వాకిలి ముందర. ఆ బంగారు రేకు కింద ఉన్నదీ చెక్కే.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే ఒళ్ళు మండుతుంది. మన వేప వాకిలిని పాత సామాను వ్యాపారికి కట్టెల ధరకు తోసేస్తారు. అది బెంగళూరు చేరి, అద్దం కప్పుకుని భోజనాల బల్ల అవుతుంది. డబ్బున్నవాళ్ళు తమిళనాడులోని కారైకుడి పోయి చెట్టియార్ల తలుపులకు లక్షలు పోసి తెచ్చుకుంటారు. అవి గొప్పవే, కాదనను. కానీ మన ఎండకు, మన వానకు తట్టుకుని నిలిచిన మన తలుపును చెత్తలో వేసి పొరుగువాడి తలుపుకు హారతి పట్టడమేమిటి? మిగిలినవాళ్ళు రెడీమేడ్ తలుపు కొంటున్నారు. లోపల కాగితపు గూడు, పైన టేకు ఈనెలు అచ్చేసిన రేకు. యంత్రం చెక్కిన ఒకే గణపతి వీధంతా ఒకే ముఖంతో కూర్చుని ఉంటాడు. రెండు వానలకు అడుగున ఉబ్బి పొర లేస్తే బాగుచేయడానికీ ఉండదు, పారేయాల్సిందే. వేప తలుపుకు మొన అరిగితే మొన మార్చుకోవచ్చు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఉంది. పనిముట్లకు 15 వేల దాకా ఇస్తారు. మంచిదే. పనిముట్టు ఇచ్చినా పని ఇవ్వాల్సింది మనమే కదా! పెద్దాచారి కొడుకులు ప్లైవుడ్ షాపుల్లో, బెంగళూరు ఇంటీరియర్ కంపెనీల్లో కుదురుతున్నారు. ముగ్గుపొడి రాసి అతుకు చూసే విద్య తండ్రి చేతిలోనే ఆగిపోతోంది.

ఈ వేసవిలో మిద్దె విప్పబోయేవాళ్ళకు నా మనవి ఒక్కటే. జేసీబీకి ఫోను చేసే ముందు ఆచారిని పిలవండి. వాకిలిని బంధంతో సహా ఎత్తించి, నేలకు ఆనకుండా కట్టెల మీద, నీడలో పెట్టించండి. వచ్చేటప్పుడు వెంట ఒక కుర్రవాణ్ణి తీసుకురమ్మని ఆయనతో చెప్పి, ఆ కుర్రవాడి కూలి కూడా మీరే ఇవ్వండి.