పిండే పనితనం

పప్పన్నంలో కలుపుకున్న నెయ్యి చిన్నపేగు మొదటి భాగాన్ని చేరేసరికి, కాలేయం కింద ఒదిగి ఉన్న పిత్తాశయానికి కబురు అందుతుంది. ఆ కబురు మోసేది పేగు గోడలోని కణాలు రక్తంలోకి వదిలే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్. 1928లో ఐవీ, ఓల్డ్‌బర్గ్ దాన్ని గుర్తించి పేరు పెట్టారు. దాని మాట వినగానే సంచి ముడుచుకుంటుంది, పిత్తనాళం చివర ఉన్న ఆడీ కవాటం సడలుతుంది. ఒకే సంకేతానికి ఒక కండరం బిగుసుకోవడం, ఇంకొకటి వదులవడం! ఈ పొందిక నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

సంచిలో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లే. కాలేయం రోజుకు అర లీటరుకు పైగానే పైత్యరసం తయారుచేస్తుంది. అందుకే పిత్తాశయం అందులోని నీటిని, లవణాలను పీల్చేసి రసాన్ని చిక్కబరుస్తుంది. గోడలోని కండర పోగులు ఒకే వరుసలో ఉండవు, నులకమంచం అల్లికలా అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా పెనవేసుకుని ఉంటాయి. అందుకే సంచి అన్ని వైపుల నుంచీ ముడుచుకోగలదు. పరగడుపున కూడా అది ఊరికే ఉండదు. అప్పుడప్పుడు కొంత రసాన్ని బయటికి పంపి, నిల్వను కదిలిస్తూ ఉంటుంది.

ఇంత శ్రద్ధగా పనిచేసే కండరమే రాళ్లున్నవారికి బాధ తెస్తుంది. రాయి పిత్తాశయం మెడ దగ్గర అడ్డుపడినా కండరం తన పని మానదు. దారి మూసుకున్న సంచిలో ఒత్తిడి పెరుగుతుంది, గోడ సాగుతుంది. నొప్పి పొట్ట పైభాగంలోనో, కుడి పక్కటెముకల కిందో మొదలై కుడి భుజం వెనక్కి పాకుతుంది. ఆ భాగాల నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో కలిసే చోటు దగ్గరదగ్గరే కావడం దీనికి కారణం. డాక్టర్లు దీన్ని బిలియరీ కోలిక్ అంటారు గానీ ఇది మెలిపెట్టి వదిలే నొప్పి కాదు. పెరిగి, గంటల తరబడి అలాగే నిలుస్తుంది. చాలామంది గ్యాస్ అనుకుని సరిపెట్టుకుంటారు. రాయి వెనక్కి జారితే నొప్పి తగ్గుతుంది. ఐదారు గంటలు దాటినా, జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. రాళ్లున్నవారిలో ఎక్కువమందికి అసలు నొప్పే రాదన్నదీ అంతే నిజం.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే సంగతి ఇంకొకటి ఉంది. కొలెస్ట్రాల్ రాళ్లున్నవారిలో కండరం ముందే మందగిస్తుంది. పైత్యంలో ఎక్కువైన కొలెస్ట్రాల్ కండర కణాల పొరల్లోకి చేరి, హార్మోన్ పిలుపు సరిగా అందకుండా చేస్తుంది. రసం నిల్వ ఉండిపోతుంది, స్ఫటికాలు పేరుకుని రాళ్లవుతాయి. బిలిరుబిన్‌తో ఏర్పడే నల్ల రాళ్లున్నవారిలో ఈ మందగింపు అంతగా కనిపించదు. ఆపరేషన్‌లో తీసిన పిత్తాశయాల కండర కణాల నుంచి ఆ అదనపు కొలెస్ట్రాల్‌ను ప్రయోగశాలలో తొలగించి చూస్తే, అవి మళ్లీ హార్మోన్‌కు స్పందించి ముడుచుకున్నాయి.