అతకాలా, అలాగే ఉంచాలా?

పటాన్‌చెరు ఫ్యాక్టరీలు దాటి, సంగారెడ్డి మీదుగా వెళితే కొండాపూర్. 1940ల మొదట్లో గులాం యాజ్దానీ ఆధ్వర్యంలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ అక్కడి దిబ్బను తవ్వితే శాతవాహనుల నాటి నాణేలు, మట్టిబొమ్మలతో పాటు గాజు పూసలూ బయటపడ్డాయి. అలాంటి పూస పగిలి చేతికొస్తే ఏం చేయాలో తేల్చే సంరక్షకుల పనితనమంటే నాకు ఎనలేని గౌరవం.

వాళ్లు మొదట జిగురు తీయరు, భూతద్దం తీస్తారు. శతాబ్దాల పాటు తడి నేలలో ఉన్న గాజులోంచి సోడియం, పొటాషియం నీటితో మెల్లగా బయటికి పోతాయి. పైభాగం పొరలు పొరలుగా లేచి, నెమలికంఠం రంగులు తేలుతుంది. ఆ పొర మురికి కాదు, పూస అసలు ఒళ్లే. బ్రష్షుతో రుద్దితే రాలిపోతుంది. బెజ్జంలోని మట్టినీ తొందరపడి తీయరు. దారం పోగు ఆనవాలు అందులో ఉండొచ్చు.

అంచులు గట్టిగా ఉండి, రెండు ముక్కలూ సరిగ్గా కూర్చుంటేనే అతికిస్తారు. ఎపాక్సీ జిగురు పట్టు గట్టిదే, కానీ కాలం గడిస్తే పచ్చబడుతుంది, విడదీయడమూ కష్టం. అందుకే చాలాచోట్ల పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెజిన్ వాడతారు. దాన్ని అసిటోన్‌తో మళ్లీ కరిగించవచ్చు. రేపు ఇంతకన్నా మంచి పద్ధతి తెలిసినవాళ్లకు దారి మూసేయకూడదన్న ఆ మర్యాద నాకు ఎంతో ఇష్టం.

అంచులు పొడిపొడిగా రాలుతుంటే మాత్రం అతకరు. ఆమ్లం లేని మెత్తని కాగితంలో ముక్కలను విడివిడిగా చుట్టి, తేమలో హెచ్చుతగ్గులు లేని పెట్టెలో దాచి, ఏ ముక్క ఎక్కడిదో రాసిపెడతారు.